తాతబాబు బోటున్న ఆట

“మీరేనా నా మెసేజ్ మూడుసార్లు తీసేసింది?”

గాజువాక బస్సులోంచి దిగుతున్న అర్జునరావు రెండో కాలు ఇంకా నేల మీద పెట్టలేదు. పసుపుపచ్చ చొక్కా వేసుకొస్తానని ఫోన్లో చెప్పాడు గనక, ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండులో అంత జనంలోనూ గంగాభవాని అతన్ని ఇట్టే పట్టేసింది.

“మీరు... భవానిగారా? ఫోన్లో గొంతు విని ఎవరో పెద్దావిడనుకున్నానండీ.”

“కోపమొస్తే నా గొంతలాగే ఉంటాది. ముందు అడిగినదానికి చెప్పండి.”

అది 2006, జూలై నెల. అర్జునరావు స్టీల్ ప్లాంటులో ట్రైనీ. తీరిక దొరికితే చాలు, తెలుగు సినిమాల పేరు మీద వచ్చిన కంప్యూటర్ గేములన్నిటినీ ఒకచోట చేర్చే వెబ్‌సైటు నడుపుకునేవాడు. భవాని డాబాగార్డెన్సులో ఒక డీటీపీ షాపులో పనిచేసేది. ‘హార్బర్ కొండబాబు’ గేము మీ జాబితాలో లేదని ఆమె రాసింది. అతను తీసేశాడు. మళ్ళీ రాసింది. మళ్ళీ తీసేశాడు. మూడోసారి తీసేసి, ‘ఈ గేము ఒక పుకారు’ అని పెద్ద అక్షరాలతో పెట్టాడు.

“ఆ సినిమా వారం ఆడిందండీ. అలాంటి సినిమాకి గేమెవరు చేస్తారు?”

“ఎవరు చేసేరో నాకు తెలీదు. అందులో మా అయ్య బోటుంది. అది తెలుసు.”

ఏడేళ్ళ కిందట ఆ సినిమా షూటింగ్ ఫిషింగ్ హార్బర్లో జరిగింది. భవాని తండ్రి తాతబాబు తన బోటును నాలుగు రోజులు షూటింగుకిచ్చాడు. ఆ తరవాత ఇద్దరు కుర్రాళ్ళు కెమెరాతో వచ్చి, బోటు చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకుని, నీ బోటు కంప్యూటర్ ఆటలోకి ఎక్కుతుందని చెప్పి వెళ్ళారు. తాతబాబు ఆ మాట పెదజాలరిపేట అంతా చెప్పుకున్నాడు. సినిమా పోయింది. ఆట చూసినవాడు లేడు. అప్పట్నుంచి పేటలో ఆయన పేరు ‘కంప్యూటర్ తాతబాబు’. వల లాగుతుంటే వెక్కిరింత, టీ తాగుతుంటే వెక్కిరింత. మొదట్లో ఆయనా నవ్వేవాడు. ఈమధ్య ఆ పేరు చెవిన పడితే టీ సగంలో వదిలేసి లేచి వచ్చేస్తున్నాడు.

“మీరు పుకారని రాసిన ముక్క మా పేటలో ఎల్లాజీ అనేవోడు ప్రింటు తీసి టీకొట్టుకి అంటించేడండీ,” అంది భవాని. ఈసారి గొంతులో కోపం లేదు. “మా అయ్య చదువుకోలేదు. ఏటి రాసుందని నన్నే అడిగేడు.”

అర్జునరావు జేబులోంచి చిన్న నోటు పుస్తకం, పెన్ను తీశాడు. “ఎక్కణ్ణుంచి మొదలెడదాం?” అన్నాడు.

“ఏటి?”

“వెతకడం.”

మూడు ఆదివారాలు వాళ్ళు ఊళ్ళో ఉన్న పాత క్యాసెట్ కొట్లన్నీ తిరిగారు. దారంతా పోట్లాటే. అతను నడుస్తూ ప్రతి గోడ మీది పోస్టరూ చదువుతాడు. ఆమెకి నడక అంటే పరుగు. “మీరు పోస్టర్లకే పుట్టేరేటి?” అంటే, “మీరు రైలుకి పుట్టారా?” అనేవాడు. నాలుగో ఆదివారం పూర్ణామార్కెట్ దగ్గర ఒక చీకటి కొట్లో ఆ సినిమా పాటల క్యాసెట్ దొరికింది. డబ్బాలోని కాగితం మీద, అన్ని పేర్లకీ కింద, చీమ తలకాయంత అక్షరాలు: ‘కంప్యూటర్ గేమ్: శ్రీరామ్మూర్తి, పెందుర్తి.’

“ఉంది! చూసేరా? ఉంది!” భవాని అతని చెయ్యి పట్టుకుని ఊపేసింది. పట్టుకున్నది అతని చెయ్యని అర్థమయ్యాక వదిలేసింది. అతను మాత్రం ఆ చెయ్యి సాయంత్రం దాకా జేబులో పెట్టుకోలేదు. అది ఆమె గమనించింది. గమనించనట్టు నడిచింది.

పెందుర్తిలో శ్రీరామ్మూర్తి పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాడు. ఆట పేరు వినగానే సుద్దముక్క కింద పడేశాడు.

“మేం నలుగురం ఆరు నెలలు నిద్రల్లేకుండా చేశాం బాబూ! మూడొందల సీడీలు కొట్టించాం. నా దగ్గర ఒక్కటీ మిగల్లేదు. క్యాసెట్లతో పాటు ఇమ్మని వన్ టౌన్లో క్యాసెట్లమ్మే భీమశంకరరావుగారికి ఇచ్చాం. అంతలో సినిమా ఎత్తేశారు.”

తిరుగు బస్సులో వాన మొదలైంది. కిటికీ అద్దం పైకి రాలేదు. ఇద్దరికీ మధ్య ఆమె గొడుగు తెరిచింది. బస్సులో గొడుగేంటని కండక్టరు కసిరితే, “పక్కన మడిసి తడుస్తన్నాడు కదండీ,” అంది భవాని. అర్జునరావు మిగతా దారంతా అంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియని ముఖంతో కూర్చున్నాడు.

వన్ టౌన్ సందులో భీమశంకరరావు ఇప్పుడు ప్లాస్టిక్ బిందెల హోల్‌సేల్ వ్యాపారి.

“ఆ సీడీలా? పావురాలకి కట్టీసినాను కదమ్మా.”

“పావురాలకేటండీ?”

“మేడ మీద వడియాలు ఎండెట్టనివ్వవు. తళతళలాడితే బెదురుతాయని దారాలు కట్టి ఏలాడదీసినాం. సూసుకోండి పైన.”

ఇద్దరూ రెండేసి మెట్లు దాటుకుంటూ పైకి ఎక్కేశారు. మేడ మీద తీగె పొడవునా సీడీలు గాలికి తిరుగుతున్నాయి. ఏడేళ్ళ ఎండ, ఉప్పుగాలి తిన్నవి. కొన్ని తెల్లగా పొరలు లేచిపోయాయి. పదకొండు మిగిలాయి. అతను పట్టుకుంటే ఆమె దారాలు కొరికింది. చూరు కింద నీడలో తిరుగుతున్న ఆఖరి సీడీ మీద ఇంకా బొమ్మ మిగిలి ఉంది: నీలి నీళ్ళు, సగం చెరిగిన బోటు.

“దీన్ని మా ప్లాంటు లైబ్రరీ కంప్యూటర్లో జాగ్రత్తగా చూస్తాను. రేపే ఫోన్ చేస్తాను,” అన్నాడు అర్జునరావు.

చెయ్యలేదు. మర్నాడూ లేదు. మూడోనాటికి అతని సెల్ స్విచ్ఛాఫ్. ‘గేము దొరికాక నాతో ఏటి పని? తనే కనిపెట్టేనని రాసుకుంటాడు,’ అనుకుంటూ భవాని షాపులో అతని వెబ్‌సైటు తెరిచింది. తిట్టడానికి మాటలు ముందే పోగేసుకుంది.

పైనే ఉంది: ‘హార్బర్ కొండబాబు. ఈ గేము నిజం. పుకారన్నది నా తప్పు. వెతికి పట్టినవారు: గంగాభవాని, పెదజాలరిపేట.’

భవాని ఆ ముక్క రెండుసార్లు చదివింది. తలెత్తితే అద్దం తలుపు బయట పసుపుపచ్చ చొక్కా. ఎంతసేపట్నుంచి ఉన్నాడో, వానలో నానిపోయి ఉన్నాడు.

“ఫోనెందుకు ఆపేరు?”

“మీకెలా చెప్పాలో తెలీకండీ. సీడీ పనిచేసింది. మీ బోటు ఉంది. కానీ అది హీరోది కాదు.” అతను ముఖం మీది వాన తుడుచుకున్నాడు. “విలన్ది. ఆటంతా దాన్ని తరిమి ముంచడమే.”

భవాని నవ్వాపుకోవాలని చూసింది. ఆగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “ఇందుకా మూడు రోజులు నన్ను చంపేసినావు?” అంది. ‘మీరు’ ఎప్పుడు పోయిందో ఇద్దరికీ తెలీలేదు.

విషయం విన్న తాతబాబు క్షణం నీరసపడ్డాడు. వెంటనే మీసం దువ్వాడు. “ఇలనైతే ఏటి? సూపించండి.”

శనివారం పేట దగ్గర నెట్ సెంటర్లో ఇరవై మంది కిక్కిరిశారు. ఎల్లాజీ కూడా వచ్చాడు. తాతబాబు, ఆయన భార్య గంగాలమ్మ ముందు కుర్చీల్లో కూర్చున్నారు. అర్జునరావు కీబోర్డు ముందు కూర్చుని, “సీడీ అరిగిపోయిందండీ, ఇంకోసారి తిరుగుతుందో లేదో,” అని ముందే చెప్పాడు.

తెర మీద ఎర్ర చారల నీలం బోటు రాగానే తాతబాబు లేచి నిలబడ్డాడు. “నాదే! ముందు కొమ్ము దగ్గర సొట్ట సూడండి, నాదే!”

హీరో కొండబాబు పడవ తరిమింది. బోటు మెలికలు తిరిగింది. ఒక్క దెబ్బ, రెండు దెబ్బలు. ఇంకొక్కటి తగిలితే ఆట గెలిచినట్టే. గెలిచాక వచ్చే ఆఖరి బొమ్మను తన సైట్లో పెట్టాలని అర్జునరావు నెల్రోజుల నుంచి కలవరిస్తున్నాడు. భవానికి అది తెలుసు.

“ఎల్లిపో... ఎల్లిపోవే తల్లీ,” అని తాతబాబు గొణుగుతున్నాడు, నిజం బోటుతో మాట్లాడినట్టే.

భవాని అర్జునరావు చెయ్యి వైపు చూసింది. బటన్ మీది వేలు లేచింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టేసుకున్నాడు.

నీలం బోటు డుగడుగమంటూ తెర అంచు దాటి సముద్రంలోకి వెళ్ళిపోయింది. ‘ఓడిపోయావు’ అని అక్షరాలు మెరిశాయి. డ్రైవు గరగరమని ఆగిపోయింది. తెర నల్లబడింది.

“తాతబాబు బోటు తప్పించుకుందిరోయ్!” అని ముందుగా అరిచింది ఎల్లాజీయే. నెట్ సెంటరు ఈలలతో దద్దరిల్లింది.

గోల తగ్గాక తాతబాబు అడిగాడు. “గెలిసీ ఆట ఎందుకొగ్గీసినావు బాబూ?”

“మీ బోటండీ. ముంచడానికి చెయ్యి రాలేదు.”

తాతబాబు అతన్ని చూశాడు. కూతుర్ని చూశాడు. మళ్ళీ అతన్ని చూశాడు. “రేపు ఆదోరం మాతో సంద్రం మీదకి యేటకి రా. ఈతొచ్చా?”

“రాదండీ.”

అందరూ గొల్లున నవ్వారు. “ఈత రానోడివి బోటోళ్ళ కొంపలకెందుకొచ్చినట్టు?” అంది గంగాలమ్మ.

అర్జునరావు చెవులు ఎర్రబడ్డాయి. “భవాని కోసమండీ,” అనేశాడు.

ఇరవై తలలు ఒక్కసారి భవాని వైపు తిరిగాయి.

తాతబాబు మీసం కింద నవ్వు దాచుకుంటూ, “మరీడికి ఈత నేర్పీదెవులు?” అన్నాడు.

“నాను నేర్పుతానయ్యా,” అంది భవాని, అంతమంది ముందూ తల దించకుండా.

గంగాలమ్మ అర్జునరావు మణికట్టు పట్టుకుని ఎగాదిగా చూసింది. “నేర్పుదువు గానిలే. ముందు ఇంటికి తీసుకురా, సేపల పులుసుంది. ఈ పుల్లల సేతుల్తో కెరటానికెలా ఎదురెల్తాడు?”