కొత్త కారులో సన్నటి కూత

భార్యకు కారు బహుమతిగా ఇచ్చి తాళం మాత్రం తన జేబులో వేసుకునే మొగుళ్ళలో ఆ లిఫ్టు మెకానిక్ మొదటివాడేమీ కాదు. కానీ స్నానానికి వెళ్తూ ఆ తాళాన్ని కూడా వెంట తీసుకెళ్ళి సబ్బుపెట్టె పక్కన పెట్టుకునేవాడు మాత్రం ప్రపంచంలో ఆయనొక్కడే అయి ఉంటాడని ఆయన ఇల్లాలి నమ్మకం. ఆమె యాభయ్యో పుట్టినరోజున కారును ఆమె పేరు మీదే కొన్నాడు. తాళం ఆమె చేతిలో పెట్టి ఫోటో తీశాడు. ఫోటో బాగా వచ్చిందో లేదో చూసుకుని, తాళం తిరిగి తీసుకున్నాడు.

ఆ శనివారం ఉదయం ఆమె కాఫీ పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి ఇంజను నడుస్తోంది. బానెట్ తెరిచి, స్క్రూడ్రైవర్ మొనను లోపలి ఇనుము మీద ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడాయన. ముప్ఫయ్యేళ్ళుగా ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది ఈ విద్యతోనే. మేడల మీద లిఫ్టు మోటారు గదుల్లో ఇలాగే చెవి ఆనించి, ఏ బేరింగు అరిగిందో, ఏ అంతస్తు తలుపు మొరాయించబోతోందో చెప్పేస్తాడు. చూడబోతే కారుకు జ్వరమొచ్చి, డాక్టరు ఇంటికొచ్చినట్టుంది.

“ఉందా?” అంది ఆమె.

“ఉంది. సన్నగా, దోమ కూసినట్టు.”

ఆమె కూడా చెవి ఒగ్గి విన్నది. ఇంజను పిల్లిలా గురగురలాడుతోంది. అంతకు మించి ఏమీ లేదు. ఆ మాట అంటే, వినడానికి కూడా చదువుండాలి అంటాడని ఊరుకుంది.

కారు వచ్చి ఎనిమిది రోజులైంది. పండుమిరప రంగు. తలుపులు నాలుగే అయినా సంసారపక్షంగా ఉండదు. పరుగుపందెం గీత దగ్గర వంగి నిలబడ్డ మనిషిలా ఎప్పుడెప్పుడా అన్నట్టుంటుంది. దిగువగా ఉండటంతో ఎక్కడమంటే కూర్చోవడం కాదు, జారడం. ఒకసారి జారాక మాత్రం సీటు నడుముకి రెండువైపులా చేతులు వేసి పట్టుకుంటుంది. వెనక సీట్లో పొడుగువాళ్ళ తల పైకప్పుకి తగులుతుంది. ఎత్తయిన స్పీడు బ్రేకరు కనిపిస్తే కడుపు బిగబట్టుకోవాలి, కారూ మనమూ ఇద్దరం. ఇన్ని లోపాలు చెప్పుకున్నాక కూడా దాన్ని తలుచుకుంటే ఆమె అరచేతులు చిమచిమలాడేవి. ఎందుకంటే ఒక్కసారి, ఒకే ఒక్కసారి, దాన్ని నడిపింది.

అది రెండో రోజు. ఎక్కడో లిఫ్టు ఇరుక్కుపోతే ఆయన కంపెనీ వ్యానులో పరుగెత్తాడు, ఆ హడావిడిలో తాళం బల్ల మీదే మరిచాడు. ఇరవయ్యేళ్ళుగా లైసెన్సున్న మనిషి ఆమె. అత్తగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఊరి బయట కొత్తగా వేసిన రోడ్డెక్కింది. ఇంతకుముందు ఇంట్లో ఉన్న పాత కారులో గేరు మార్చడమంటే ముద్ద కట్టిన సిమెంటులో కర్ర తిప్పడమే. ఇందులో గేర్లు వాటంతటవే మారతాయి, ఆ గొడవే లేదు. పక్కన స్పోర్ట్ అని రాసి ఉన్న మీట నొక్కి, కాలు కాస్త గట్టిగా ఆనించింది. కారు ఒక్క క్షణం ఊపిరి బిగించి ముందుకు దూకింది. వీపు సీటుకి అతుక్కుపోయింది. మలుపులో స్టీరింగు మనసులో మాట విన్నట్టు తిరిగింది. యాభయ్యేళ్ళలో తాను దాటలేకపోయిన లారీలన్నీ ఆ రోజే దాటినట్టనిపించింది. అత్తగారు భయపడి ఉంటారని పక్కకు చూసింది. డెబ్బయ్యెనిమిదేళ్ళ ఆవిడ కొంగు నడుముకి బిగించుకుని ముందుకు వంగి ఉంది.

“ఇంకాస్త తొక్కవే అమ్మాయ్. మా వాడు నడిపితే నడిచి వెళ్ళేవాళ్ళు మనల్ని పలకరించి మరీ దాటిపోతున్నారు,” అంది.

ఆ సాయంత్రమే ఆయనకి కూత వినిపించింది. స్పీడు బ్రేకరు మీద ఎగరేసి అడుగున ఏదో కదిలించి ఉంటావన్నాడు. ఎగరెయ్యలేదని ఆమె చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అత్తగారు సాక్ష్యం చెప్పింది. కానీ అత్తాకోడళ్ళు ఒక్కమాట మీదున్నారంటేనే అనుమానించాలని తీర్మానించుకున్నాడాయన. అప్పటినుంచే తాళం సబ్బుపెట్టె పక్కన స్నానం చేస్తోంది.

కాఫీ అయ్యాక అత్తగారితో సహా ముగ్గురూ సర్వీసు సెంటరుకి వెళ్ళారు. ఇది మూడోసారి. అక్కడి ఇంజనీరు నెమ్మదస్తురాలైన అమ్మాయి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని కారుని రెండు చుట్లు తిప్పింది, కింద దీపం వేసి చూసింది, కంప్యూటరు తగిలించింది. కారులో ఏ లోపమూ లేదంది. కూత తనకి వినిపించలేదని కూడా ఎంతో మర్యాదగా అంది.

“ముప్ఫయ్యేళ్ళ చెవమ్మా ఇది, అబద్ధం చెప్పదు,” అన్నాడాయన. హాలులో ఉన్న నలుగురూ తిరిగి చూశారు. “నేను నడిపినప్పుడు లేదు. మా ఆవిడ నడిపిన రోజునుంచే మొదలైంది. కారు ఎవరి చేతికివ్వాలో తెలియక ఇచ్చాను, అదీ నా పొరపాటు.”

ఆ అమ్మాయి తల దించుకుంది. ఇల్లాలు మాత్రం దించుకోలేదు. పదిమందిలో అన్న మాటకి పదిమందిలో జవాబు చెబితే అది తగువవుతుందని ఊరుకుంది.

ఇంటి ముందు కారు ఆగాక, గేటు తీయడానికి ఆయన దిగబోతుంటే ఆమె చేయి పట్టుకుని ఆపింది.

“ఇప్పుడు వినిపిస్తోందా?”

“బ్రహ్మాండంగా.”

ఆమె చెయ్యి చాచి ఇంజను ఆపేసింది. “ఇప్పుడు?”

“బానెట్ కింద ఫ్యాను ఇంకా తిరుగుతోంది కదా, అది ఆగనీ.”

ముగ్గురూ ఎదురుచూశారు. ఫ్యాను తిరిగి తిరిగి ఆగింది. వీధిలో కూడా చప్పుడు లేదు. ఆయన తలుపు తీసుకుని దిగి, గేటు దాకా నడిచాడు. వీధి చివరి దాకా నడిచాడు. తిరిగి వచ్చి సీట్లో జారబడ్డాడు. మొహంలో రంగు లేదు.

“నాతోపాటే వచ్చింది,” అన్నాడు.

వెనక సీట్లోంచి అత్తగారు “ఆడలేక మద్దెల ఓడన్నట్టు...” అని మొదలుపెట్టి, కొడుకు మొహం చూసి మిగతాది మింగేసింది.

అప్పుడు మెల్లగా అసలు సంగతి బయటికొచ్చింది. ఈమధ్య మోటారు గదుల్లోనూ ఆ కూత వినిపిస్తోందట. మోటార్లన్నీ పాతబడ్డాయనుకున్నాడు. పోయిన నెల పడగ్గదిలో ఫ్యాను మార్పించింది కూడా అందుకేనట. కొత్త ఫ్యానూ కూస్తుంటే, వస్తువులు ఇప్పుడంతా ఇలాగే చేస్తున్నారని సరిపెట్టుకున్నాడు.

“చెవులకి ఏమైనా పెట్టుకోండని కంపెనీ వాళ్ళు ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. పెట్టుకుంటే మోటారు మాట ఎలా వినపడుతుందని నేనే వినలేదు.” చేతిలో స్క్రూడ్రైవరు లేకపోతే ఏం చేసుకోవాలో తెలియనట్టు వేళ్ళు చూసుకున్నాడు. “ఈ చెవి కూడా పోతే నేనెందుకు పనికొస్తానే?”

ఆయన నోట అలాంటి గొంతు పెళ్ళయినప్పటినుంచి ఆమె ఎప్పుడూ వినలేదు. పొద్దున్నుంచీ కూడబెట్టుకున్న కోపం ఎటుపోయిందో పోయింది. ఆయన వేళ్ళ మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది.

“పోలేదు. ఎక్కువే వినిపిస్తోంది, అంతే,” అంది. “కొత్త రోడ్డు చివర చెవుల డాక్టరున్నాడు, ఒంటిగంట దాకా చూస్తాడు. దిగి ఇటు రండి.”

ఆయన మారు మాట్లాడకుండా ఇవతల సీటుకి వచ్చాడు. ఆమె స్టీరింగు ముందుకు జారింది. సీటు నడుముని పట్టుకుంది. అరచేతులు చిమచిమలాడాయి. అద్దం సరిచేసుకుంది, బెల్టు పెట్టుకుంది, స్టార్టు బటన్ మీద వేలు ఆనించింది. నొక్కలేదు.

“ఏమైంది?” అన్నాడాయన.

“ఏమీ లేదు. ఒక్క మాట కోసం చూస్తున్నా.”

ఏ మాటో ఆయనకి తెలుసు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఎప్పుడూ అనని మాట. గొంతు సవరించుకున్నాడు, కిటికీలోంచి చూశాడు, చివరికి ఒళ్ళోకి చూసుకుంటూ గొణిగాడు.

“తప్పు నాదే.”

“గట్టిగా చెప్పరా,” అంది వెనకనుంచి అత్తగారు. “చెవులు బాగున్నవాళ్ళకే వినపడలేదు.”

ఆయన తలెత్తి భార్యవైపు తిరిగాడు.

“తప్పు నాదే. నువ్వు చక్కగా నడిపావు. కారుకీ ఏమీ కాలేదు. అంతమందిలో నిన్ను అలా అనకుండా ఉండాల్సింది.”