తలుపులు తెరుచుకోని కార్లు

నేను ఆఫీసులో రోజంతా ఆడుకుంటానని మా ఇంట్లోవాళ్ళ నమ్మకం. నా పని ఆడటం కాదు, ఆటను విరగ్గొట్టడం. టీవీకి తగిలించి ఆడే కార్ల పందెం ఆట ఒకటి తయారవుతోంది. అది జనం చేతికి వెళ్ళకముందే అందులో తప్పులు పట్టుకోవాలి. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా కార్లను గోడలకేసి కొడతాను, వంతెనల మీంచి దూకిస్తాను, ఎదురు దారిలో నడుపుతాను. ఎక్కడ ఏ బొమ్మ అతుక్కుపోయినా, ఏ చప్పుడు ఆగిపోయినా రాసి పెడతాను.

మా గది రెండో అంతస్తులో చిట్టచివర. కిటికీ లేదు. గోడలకి నల్లగుడ్డ, నాలుగు టీవీలు, చెయ్యి విరిగిన కుర్చీలు. ఏసీ చల్లదనానికి మే నెలలో కూడా శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని.

ఆటలో ముప్పై నాలుగు కార్లు. అన్నీ ఒకే కంపెనీవి. ఆ కంపెనీవాళ్ళు ఊరికే ఒప్పుకోలేదు, బారెడు షరతులు పెట్టారు. అందులో రెండింటిని మా సార్ పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి నా టీవీ పక్కనే అంటించాడు. ఒకటి, ఎంత గట్టిగా గుద్దినా కారుకి గీత కూడా పడకూడదు. రెండు, రోడ్ల మీద మనుషులు కనబడకూడదు.

ఆ కాగితం చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది. కారుకి గీత పడదు, మనిషి అసలు ఉండడు. ఎంత హాయి!

మా అక్క దర్జీ పని చేసేది. రెండేళ్ళ కిందట ఒక వానాకాలం సాయంత్రం, కుట్టిన బట్టలు ఎవరికో ఇచ్చి నడిచి వస్తుంటే ఏదో కారు గుద్దింది. గుద్దినవాడు ఆగలేదు. గంటసేపు రోడ్డు పక్కన పడుంది. ఆసుపత్రికి చేర్చేసరికి ఊపిరి ఉంది కానీ నిలవలేదు. "అరగంట ముందు తెచ్చి ఉంటే..." అన్నాడు డాక్టరు. ఆ మాట అనకుండా ఉన్నా బాగుండేది. పోలీసులు, చూసుకోకుండా దాటి ఉంటుందన్నారు. బావ నెల తిరక్కుండానే, "పోయిన మనిషి ఎలాగూ రాదమ్మా, ఇక వదిలెయ్" అన్నాడు. అందరూ వదిలేశారు. నేను వదల్లేదు, కానీ పట్టుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు. కోపం ఒక్కటే ఉంది. దాన్ని రోజూ ఆఫీసుకి తెచ్చి, కార్లను గోడలకేసి కొట్టి, సాయంత్రం మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళేదాన్ని.

ఆ శనివారం మధ్యాహ్నం అందరూ ముందే వెళ్ళిపోయారు. అంతస్తు మొత్తానికి మిగిలింది ముగ్గురం. నేను, సార్, పక్క గదిలో ఆట చప్పుళ్ళ పని చూసే పెద్దాయన. ఆయన్ని అందరూ చెవుల బాబాయ్ అంటారు. చీమ తుమ్మినా అది ఏ చీమో చెప్పగలడని మా ఆఫీసులో పరాచికం.

నేను పొడుగు ముక్కు కారొకటి తీసుకుని, ఊరి మధ్య రోడ్డు మీద నడుపుతున్నాను. ఆటలో మిట్టమధ్యాహ్నం, ఎండ ఫెళ్ళున కాస్తోంది. వంతెన దిగి, మూసి ఉన్న దుకాణాల పక్కన మలుపు తిప్పాను.

దబ్...

గోడ తగిలిన చప్పుడు కాదు. గోడల చప్పుళ్ళు నాకు కొట్టిన పిండి. ఇది మెత్తటి చప్పుడు. తడిసిన మూట ఒకటి ఎత్తు నుంచి పడ్డట్టు.

కారు ఆపి, కెమెరా ముందుకు తిప్పాను. ఎడమ లైటు పగిలి ఉంది. బానెట్ మీద సొట్ట. అరచెయ్యి వెడల్పు కాదు... మనిషంత.

మొదట నాకు భయం వెయ్యలేదు, సంబరం వేసింది. ఇంత పెద్ద తప్పు దొరికితే ఏ పరీక్షకురాలికైనా పండగే. రాసుకుంటూ ఉండగా బుర్రలో మెదిలింది. ఈ ఆటలో సొట్ట బొమ్మే లేదు. ఎవరూ గీయలేదు. లేని బొమ్మ తెర మీదకి ఎలా వచ్చింది?

చెవుల బాబాయ్‌ని పిలిచాను. ఆయన నా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, "నడుపమ్మాయ్" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి నడిపాను. వంతెన. దుకాణాలు. మలుపు.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది నేను పెట్టిన చప్పుడు కాదు," అన్నాడు గొంతు తగ్గించి.

"మరి ఎవరిది బాబాయ్?"

"ఈ బండి చప్పుళ్ళన్నీ మన సార్ సొంత కారులో తీసినవి. కంపెనీవాళ్ళు బండి పంపడం ఆలస్యమైతే, ఇదే మోడల్ నా దగ్గరుంది తీసుకో అన్నాడు. వెనక సీట్లో మైకు పెట్టి ఖాళీ మైదానంలో తిప్పాం. అప్పుడు లోపల నేనూ ఆయనే. మూడో మనిషి లేడు." హెడ్‌ఫోన్స్ తీసి నా చేతిలో పెట్టాడు. "లేడనే అనుకున్నాను. విను."

పెట్టుకున్నాను. ఇంజను రొద. దాని వెనక, చాలా దగ్గరగా... ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు. ఒక్కో ఊపిరికీ ఎంతో కష్టపడుతున్నారు. తీసుకోవడం... ఆగడం... మళ్ళీ తీసుకోవడం.

అప్పుడే గదిలో వాసన తగిలింది. కుట్టు మిషనుకి వేసే నూనె వాసన. దానితో పాటు తడిసిన కొత్త గుడ్డ వాసన. మా అక్క పక్కన పడుకుంటే వచ్చే వాసన.

"నాకిక్కడ ఉండబుద్ధి కావట్లేదమ్మాయ్. నువ్వూ వెళ్ళిపో," అంటూ బాబాయ్ లేచాడు. మెట్ల మీద ఆయన అడుగులు దిగిపోవడం వినిపించింది.

నేను వెళ్ళలేదు. ఆ ఊపిరిని వదిలేసి ఎక్కడికి వెళ్ళను?

తలుపు తోసుకుని సార్ వచ్చాడు. చేతిలో టీ కప్పు. "ఇంకా వెళ్ళలేదా అమ్మా?" అంటూ టీవీ వైపు చూశాడు. పగిలిన లైటు, బానెట్ మీద సొట్ట. టీ ఆయన చొక్కా మీద ఒలికింది. ఆయనకి తెలిసినట్టు లేదు.

"తీసెయ్ అది."

"తప్పు సార్. రాసి పెట్టాలి కదా."

"తీసెయ్ అంటున్నానా! ఎవరు చెప్పారు నీకు? ఆ వానలో ఎవరికి కనబడుతుంది?"



తెర మీద ఎండ ఫెళ్ళున కాస్తోంది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ నేను ఎవరని అడగను కూడా లేదు. నా కడుపులో రెండేళ్ళుగా దారి లేక తిరుగుతున్న మంట ఒక్కసారిగా దారి చూసుకుంది.

"ఏ వాన సార్?" అన్నాను.

టీ కప్పు బల్ల మీద పెట్టి, తలుపు వైపు తిరిగాడు.

"కూర్చో." ఆయన్ని నువ్వు అనడం అదే మొదలు. కంట్రోలర్ తీసి ఆయన ఒళ్ళో పడేశాను. "చూద్దాం, ఏం జరిగిందో."

మన ఆటనే మళ్ళీ బయటి నుంచి చూపించే మీట ఒకటి ఉంటుంది. అది నొక్కాను. నేను నడిపిన కారే, నేను నడిపిన దారే. వంతెన దిగింది. మలుపు తిరిగింది. దబ్... కారు ముందు ఏమీ లేదు, ఉత్త రోడ్డు. అయినా బానెట్ లోపలికి నొక్కుకుపోయింది.

తరవాత కారు ఆగింది.

నేను ఆపింది ముందు చక్రాలు దుకాణం మెట్టుకి తగిలాక. ఇది నడిరోడ్డు మీదే ఆగింది. వెనక ఎర్రలైట్లు వెలిగాయి. మూలనున్న గడియారం నడుస్తోంది. పది సెకన్లు. ఇరవై.

డ్రైవరు తలుపు తెరుచుకుంది.

ఈ ఆటలో కార్ల తలుపులు తెరుచుకోవు. తలుపులే లేవు. సబ్బు బిళ్ళ మీద చెక్కినట్టు ఒకటే ముద్ద. ఆ ముద్ద లోంచి తలుపు వేరుపడి, మెల్లగా తెరుచుకుంది. ఎవరూ దిగలేదు. దిగినట్టు కారు మాత్రం కాస్త పైకి లేచింది. ఒక నిమిషం. రెండు. సార్ చేతిలో కంట్రోలర్ దానంతటదే అదురుతోంది. వదలబోయాడు. వేళ్ళు విడిపోలేదు. నాలుగు నిమిషాలయింది.

నాలుగు నిమిషాలు. గుద్దినవాడు ఆగలేదనుకున్నాం మేము. ఆగాడు. దిగాడు. చూశాడు. నాలుగు నిమిషాలు చూశాడు!

డ్రైవరు తలుపు మూసుకుంది. కారు కదలబోయి ఆగింది. ఈసారి ఎడమ వైపు వెనక తలుపు తెరుచుకుంది. కారు ఆ పక్కకి కొద్దిగా ఒరిగింది. తలుపు మూసుకుంది. కారు వెళ్ళిపోయింది.

"నేను ఎక్కించుకోలేదు," అన్నాడు సార్. గొంతు గాలిలా ఉంది. "నిజంగా... నేను ఎవరినీ ఎక్కించుకోలేదు..."

"అవును. ఎక్కించుకోలేదు. ఎక్కించుకుని ఉంటే మా అక్క బతికేది."

ఆయన నా మొహంలోకి అప్పుడు చూశాడు. చూడవలసిన పోలికేదో కనబడ్డట్టుంది. కంట్రోలర్ కింద పడింది.

"లే. స్టేషనుకి పోదాం. నీ కారులోనే. నువ్వే నడుపు."

ఎదురు చెప్పలేదు. ఎవరైనా అడిగితే బాగుండునని రెండేళ్ళుగా చూస్తున్నవాడిలా లేచాడు. ఆ లేవడం చూసి నాకు జాలి కలగలేదు. ఇంకా మండింది. అడిగేదాకా ఎందుకుండాలి మనిషి?

కింద కారు కొత్తదానిలా మెరుస్తోంది. బానెట్ మీద గీత కూడా లేదు. ముందు సీట్లో ఆయన పక్కన కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. ఆయనా పెట్టుకున్నాడు. బండి గేటు దాటింది.

కీక్... కీక్... కీక్...

ఎదురుగా ఉన్న చిన్న తెర మీద సీట్ల బొమ్మ. ఎడమ వైపు వెనక సీటు మీద ఎర్ర చుక్క. బెల్టు పెట్టుకోలేదని గుర్తు.

వెనక్కి తిరిగి చూశాను. సీటు ఖాళీ.

"ఎప్పుడూ అంతే," అన్నాడు కళ్ళు రోడ్డు మీంచి తియ్యకుండా. "మెకానిక్ వైరు కత్తిరించాడు. రెండుసార్లు. అయినా..."

కీక్... కీక్...

మిషను నూనె వాసన. వెనక నుంచి ఊపిరి... తీసుకోవడం, ఆగడం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండేళ్ళు. రెండేళ్ళు ఈ మనిషి వెనక కూర్చుని తిరుగుతోంది మా అక్క.

"అక్కా," అన్నాను మెల్లగా. "బెల్టు పెట్టుకో. వెళ్ళిపోదాం."

వెనక బెల్టు జారుతున్న చప్పుడు.

టక్.

ఎర్ర చుక్క ఆరిపోయింది. కూత ఆగింది. సార్ దవడలు టకటకా కొట్టుకోవడం నాకు వినిపించింది.

సిగ్నలు దాటాం. స్టేషను బోర్డు కనబడుతోంది. నేను కళ్ళు తుడుచుకున్నాను.

కీక్... కీక్... కీక్...

ఈసారి చుక్క ఎడమ వైపు కాదు. సరిగ్గా ఆయన వెనక సీటు మీద.

"ఇది కూడా ఎప్పుడూ ఉండేదేనా?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. అద్దంలోకి చూడబోయి, చప్పున చూపు దించేసుకున్నాడు. స్టీరింగు మీద చేతులు తెల్లబడ్డాయి.

"ఇంకెవరిని గుద్దావు?" అన్నాను. "నన్ను చూసి చెప్పు. ఇంకెవరు?"

స్టేషనులో అక్క సంగతి మొత్తం రాసిచ్చాడు. రోజు, సమయం, వాన, నాలుగు నిమిషాలు, అన్నీ. ఆ రెండో చుక్క ఎవరిదో మాత్రం ఆరోజు చెప్పలేదు. తరవాత నేను నాలుగుసార్లు వెళ్ళి అడిగాను. పోలీసులూ అడిగారు. ఇప్పటికీ చెప్పలేదు.