అమ్మకానికి కో-పైలట్ సీటు

మొదటి రోజే ఏంజెల్ నా కారును మిర్చి బజ్జీల బండి మీదికి తోలింది.

"లెఫ్ట్ మేడం, లెఫ్ట్!" అని నేను మొత్తుకుంటుంటే ఆ పిల్ల స్టీరింగ్ తిప్పలేదు. ఎడమ కాలితో క్లచ్‌ను గట్టిగా తొక్కి, కారు ఎందుకు తిరగడం లేదా అని ఆశ్చర్యంగా చూస్తోంది. నా వైపున్న బ్రేకు నేను తొక్కబట్టి బజ్జీలు బతికాయి.

"స్టీరింగ్ ఎందుకుంది మేడం, దండ వేసేటందుకా?"

"సారీ సార్. నేల మీద విమానాన్ని కాళ్లతోనే తిప్పుతం. ఆ అలవాటుల తొక్కిన."

"విమానమా?"

"నేను పైలట్‌ను. లైసెన్స్ వచ్చింది. జాబే రాలే."

హన్మకొండలో మా డ్రైవింగ్ స్కూల్‌కు ఎందరో వస్తుంటారు. కానీ కారు స్టార్ట్ చేసే ముందు అద్దం, బెల్టు, హ్యాండ్‌బ్రేకు ఒక్కొక్కటే ముట్టుకుంటూ పైకి చదివే మనిషిని ఆమెనే చూశాను. వాన మొదలైతే అందరూ వైపర్ కోసం వెతుకుతారు, ఈమె మబ్బుల వంక చూసేది. "జర ఆగుండ్రి సార్, ఇప్పుడే ఎలిసిపోతది" అనేది. నిజంగానే వెలిసిపోయేది. నాకేమో ఇంకాసేపు పడితే బాగుండనిపించేది.

ఒకరోజు, "వచ్చేవారం లైసెన్స్ టెస్టుకు పోత సార్" అంది.

"అప్పుడే వద్దు. మీకు రివర్స్ ఇంకా సక్కగ రాలే."

"ఫీజంత కట్టిన గదా!"

"నేర్చుకునేటందుకు కట్టిన్రు. రేపు మీరెవరినన్న గుద్దితే, ఆళ్లకు మీ ఫీజుతోటి ఏం పని?"

మూతి ముడుచుకుంది. కొన్నాళ్లు 'సార్' మానేసి వెటకారంగా 'అభిషేక్ గారూ' అని పిలిచింది. ఆ తర్వాత నేను 'అభీ'నయ్యాను. మేడం కాస్తా 'ఏంజెల్' అయింది.

ఓ సాయంత్రం మామునూరు రోడ్డులో కారు పక్కకు ఆపింది.

"బయటి దేశపు కంపెనీ ఒకటుంది అభీ. మనమే పైసలు కడితే కో-పైలట్ సీట్ల కూసోబెట్టి కొన్ని వందల గంటలు నడపనిస్తది. ఎనుక ప్యాసింజర్లు గూడ ఉంటరు."

"జీతం ఇయ్యరా?"

"జీతమా? మనమే ఎదురియ్యాలె. నడిపిన గంటలు లేకుంటే ఇక్కడ జాబ్ ఇయ్యరు, జాబ్ లేకుంటే గంటలు రావు. నాన్న ఇల్లమ్ముత అంటున్నడు. నువ్వు చెప్పు, కట్టాల్నా, వద్దా?"

'వద్దు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"నన్నడగకు."

"ఎందుకు?"

"నువ్వంటే నాకిష్టం. పోతే నా పానం ఊకోదు. అసుంటోడు వద్దంటే, అది నీ మంచికా, నా మంచికా? నాకే సమజైతలేదు."

చెప్పేశాక చెవులు వేడెక్కిపోయాయి. ఆమె అద్దం చూసుకుని, ఇండికేటర్ వేసి కారు తీసింది. ఆ తర్వాత వారమంతా క్లాసుకు రాలేదు. డబ్బు కట్టేసి ఉంటుందనుకున్నాను. నోరు మూసుకోలేని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం వాళ్ల నాన్న కృపానందం గారి నుంచి ఫోన్ వచ్చింది. కాజీపేటలో రైలు నడిపే లోకో పైలట్ ఆయన. "జర ఇంటికి రా బాబూ" అన్నాడు. వెళ్లాను.

"ఇల్లు అమ్ముడు ఆగింది. ఏం చెప్పినవ్ నా బిడ్డకు?"

"నేనేం చెప్పలే అంకుల్."

ఏంజెల్ టీ తెచ్చి నా చేతికిచ్చింది.

"ఫీజు కట్టినా టెస్టుకు పంపలే గదా నాన్నా ఈయన! అదే ఆలోచించిన. సీటు కొనుక్కున్నోన్ని పట్టుకుని 'నీకు రాలే, దిగు' అని ఎవరంటరు? ఎనుక కూసున్నోళ్లు నా పైసలు చూసి ఎక్కరు గదా. నాకు అట్లాంటి సీటు వద్దు."

కృపానందం గారు తల ఊపాడు. "నేను అసిస్టెంట్‌గ ఇంజనెక్కిన తొలి నెలనే రైల్వే జీతమిచ్చింది. పని చేసేటోని దగ్గర ఎదురు గుంజుడేంది? అయినా బిడ్డ ఆశపడ్డదని..." అని ఆగిపోయాడు.

"నేను నేర్చుకున్న ఫ్లయింగ్ స్కూల్‌లనే ఇన్‌స్ట్రక్టర్‌గ తీసుకుంటమన్నరు నాన్నా. ట్రైనింగ్ గూడ ఆళ్లే ఇస్తరు. జీతం తక్కువనే, గంటలు మెల్లగ వస్తయ్. పెద్ద విమానం ఎక్కేసరికి ఏండ్లు పట్టొచ్చు. పట్టనీ."

డబ్బుతో కొనుక్కోగలిగే సీటును వదిలి, కష్టపడి సంపాదించుకుంటానంటోంది. నాకు ఆ పిల్లంటే ప్రేమ ముందే ఉంది. ఆ పూట లేచి సెల్యూట్ కొట్టాలనిపించింది.

"ఇప్పుడు చెప్పు అభీ, ఆ స్కూల్‌కు పోవాల్నా, వద్దా?"

"పో" అన్నాను. ఈసారి తడుముకోలేదు.

కృపానందం గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఏండ్లంటున్నది బాబూ. ఆగుతవా?"

"ఆగుత అంకుల్."

"నీకిష్టమేనా బిడ్డా?"

ఏంజెల్ కిటికీ వైపు తిరిగింది. చెంపలు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇష్టం లేకుంటే, ఈయనకు ఫోన్ చెయ్యమని పొద్దటి సంది నీ ఎంబడి ఎందుకు పడుత నాన్నా?"

కప్పులో టీ అంతా నా ప్యాంటు మీద ఒలికింది. కాలుతున్నా నేను కదల్లేదు.