జపాను దయ్యానికి జడ

నేను కాపురానికొచ్చిన ఈ పదకొండేళ్లలో మా అత్తగారు కుముదవల్లి గారు ఒక్క తప్పూ చేయలేదు. చేసుంటే ఒప్పుకునేది కదా. కాణిపాకం బస్సని చెప్పి మమ్మల్నందర్నీ మదనపల్లె బస్సెక్కించిన రోజు కూడా, దారి మధ్యలో దిగి ఎండలో నిలబడి, "ఆ డ్రైవరు ముఖం చూస్తే కాణిపాకం పోయేవాడి మాదిరే ఉండె" అంది. అంతే. తప్పు ముఖానిది.

అట్లాంటి మనిషి లోహితను చూసిన మొదటి రోజే తీర్పు చెప్పేసింది.

లోహిత మా మేడమీద గదిలో అద్దెకుండే చిత్తూరు అమ్మాయి. శ్రీసిటీలో జపానువాళ్ల కంపెనీలో ఉద్యోగం. మార్చిలో సామాను దించుకున్న సాయంత్రం, సరిగ్గా దీపం పెట్టే వేళకు, నడుం దాటిన జుట్టు విరబోసుకుని, "అక్కా, ఒక బకెట్టు ఇస్తారా?" అని గుమ్మంలోకొచ్చింది.

"దీపాల వేళ ఆ అవతారమేంది! ఈ పిల్ల ఇంటికి కళ కాదు," అంది అత్తగారు, ఆ పిల్లకు వినపడేటట్టే.

నా మరిది శ్రీకృష్ణ అక్కడే ఉన్నాడు. డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. వాడి తీర్పు వేరు. బకెట్టు తెమ్మంటే లోపలికెళ్లి చెంబు తెచ్చిచ్చాడు. ఆ అమ్మాయి చెంబును చూసింది, వీణ్ణి చూసింది, నవ్వింది, తీసుకుని పైకెళ్లింది.

ఏడు నెలలైంది. చెంబు కిందికి దిగలేదు. వీడి నోట్లోంచి మాట బయటికి రాలేదు.

"చెప్పెయ్ రా," అంటాను.

"అమ్మ ఒప్పుకోదు వదినా."

"అమ్మనడిగినావా?"

"లోహిత ఏమంటుందో తెలీకుండా అమ్మనెట్లా అడిగేది?"

"అయితే లోహితనడుగు."

"అమ్మ ఒప్పుకుంటుందో లేదో తెలీకుండా ఆ అమ్మాయినెట్లా అడిగేది?"

ఫిజిక్సులో దీన్నేమంటారో నాకు తెలీదు. వంటింట్లో పిరికితనం అంటాం.

కులం గొడవ లేదు. మా పెద్దాడపడుచు మైసూరు అబ్బాయిని చేసుకుని ఆ పని ఎప్పుడో పూర్తిచేసింది. ఇప్పుడు అడ్డమున్నది జుట్టొక్కటే.

అక్టోబరు చివరి వారం లోహిత వచ్చి వంటింట్లో నా పక్కన కూలబడింది.

"అక్కా, ఆదివారం చిత్తూర్లో నాకు పెళ్లిచూపులంట. శనివారం సాయంత్రం మా నాయన వచ్చి తీసుకుపోతాడు."

"నీకిష్టమేనా?"

"మీ మరిది నోరు తెరిస్తే నేనాడికి పోయే పనే లేదు. అడిగితే కదా చెప్పేది!"

"శనివారం ఏం చేస్తుండావు?"

"హాలోవీన్ కదా, తెల్లోళ్ల దయ్యాల పండగ. ప్రతి ఏడూ ఆ రోజు మూడు జపాను దయ్యం సినిమాలు వరసగా చూస్తాను. మా ఆఫీసోళ్లు నేర్పిన జబ్బు."

"మా హాల్లో చూడు. టీవీ పెద్దది," అన్నాను. దయ్యానికి భయపడైనా మావాడు ఆ చెయ్యి పట్టుకోకపోతాడా అని నా ఆశ.

శనివారం పొద్దున పదకొండింటికే కర్టెన్లు దించేశాం. బయట మబ్బు. కళ్లూ పళ్లూ చెక్కుదామని లోహిత తెచ్చిన గుమ్మడికాయ అప్పటికే అత్తగారి చేతిలో పప్పుతో ఉడికి కూటు అయిపోయింది. ఒక్కపొద్దు రోజు ఆమె పగలు పడుకోదు, వాలుకుర్చీ వదలదు.

"మీరు భయపడతారేమో అత్తా, లోపల కూర్చోండి."

"నా కుర్చీ ముందరికి దయ్యాలొస్తే నేనెందుకు లేస్తాను?"

మొదటి సినిమాలో అద్దంలోంచి తెల్లబట్టల పిల్ల ఒకతి బయటికొచ్చింది. ముఖం నిండా జుట్టు.

"సైన్సు ప్రకారం చూస్తే..." అని మొదలుపెట్టి శ్రీకృష్ణ దిండు వెనక్కి వెళ్లిపోయాడు.

"సార్, సైన్సు దిండు వెనకాల ఉంటుందా?" అంది లోహిత.

అత్తగారు ముందుకు వంగింది. "ఎవరే ఆ పిల్ల? తల దువ్వేవాళ్లు లేరా?"

"దయ్యం అత్తా."

"అయితే మాత్రం? ఆ చిక్కు చూడు!"

రెండో సినిమాలో ఇంకో దయ్యం. అదే జుట్టు.

"ఈమెకూ అంతేనా! ఆ దేశంలో కొబ్బరినూనె దొరకదా?"

"ఈమెను ఇంట్లోవాళ్లు పట్టించుకోలేదు పెద్దమ్మా. అందుకే ఇట్లా తిరుగుతుండాది."

"అదే నేననేది. పొద్దున్నే కూర్చోబెట్టి ఒక జడేసి, రెండు మూరలు పూలు పెట్టుంటే ఈ సినిమానే లేదు."

"మన ఊర్లో అయితే ఈపాటికి కొండమీద గుండు చేయించేసుంటారు," అన్నాను.

"నువ్వు నోరు మూసుకో గోదా. మంచి జుట్టు, పాపం."

మూడో సినిమాకు అత్తగారు పూర్తిగా దయ్యాల పార్టీలో చేరిపోయింది. ఉన్నట్టుండి వాన దంచింది. మిద్దెమీద బట్టలున్నాయని లోహిత పరుగెత్తింది. సినిమాలో దయ్యం కాలీడ్చుకుంటూ తలుపు దగ్గరకొచ్చింది. చెయ్యెత్తింది.

కరెంటు పోయింది.

మా తలుపు కిర్రుమంది. గుమ్మంలో తెల్లబట్టలు. ముఖం మీద తడిజుట్టు.

"అమ్మా!" అని కేకపెట్టి శ్రీకృష్ణ వాలుకుర్చీ వెనక్కి దూకాడు. "వదినా, లోహిత పైన ఒక్కతే ఉండాది! ఆ పిల్లకేమన్నా అయితే నేను బతకలేను! ఏడు నెలల్నుంచి చెప్పలేక చస్తుండాను!"

దయ్యం ముఖం మీది జుట్టు పక్కకు తోసుకుంది.

"ఈడనే ఉండాను సార్. మళ్లీ ఒకసారి చెప్పండి, వానలో సరిగ్గా వినపడలేదు."

అప్పుడు అత్తగారు లేచింది. ఆమె లోపలికెళ్లి దువ్వెన, తువ్వాలు తెచ్చి కర్టెను పక్కకు లాగింది.

"ఇట్లా రా. కూర్చో."

లోహిత ఆమె మోకాళ్ల ముందు కూర్చుంది. అత్తగారు జుట్టు తుడిచి చిక్కు తీయసాగింది.

"ఎందుకమ్మా దీన్నిట్లా వదిలేస్తావు?"

"నాకు అయిదేళ్లప్పుడే అమ్మ పోయింది పెద్దమ్మా. నాయనది మామిడికాయల వ్యాపారం. బుట్టకు పురికొస కట్టినట్టు కట్టేవాడు. నాకు వెనక్కి చేతులందవు. ఆఫీసుకు ముడేసుకుంటా, తలనొప్పొస్తుందని ఇంటికి రాగానే విప్పేస్తా."

దువ్వెన ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది, ఈసారి చాలా మెల్లగా.

"ఒరే, ఇందాక ఏందో అరిచినావే. నా కుర్చీకి కాదు, ఈ పిల్లకు చెప్పు."

శ్రీకృష్ణ ముందుకొచ్చాడు, దిండుతో సహా. "లోహితా, నన్ను చేసుకుంటావా?"

"చెంబు తిరిగియ్యాలా అయితే?"

"వద్దు."

"అయితే సరే."

ఆరింటికి లోహిత నాయన ధనశేఖర్ గారు గొడుగు ముడుస్తూ వచ్చారు. నున్నటి జడ, జడనిండా మల్లెపూలతో ఉన్న కూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఎవరేసినారు పాపా?"

"నేనే," అంది అత్తగారు. "రేపెవరో వస్తారంట కదా, వద్దని చెప్పండి. మావాడికి మీ పిల్లనిస్తారా?"

ఆయన కూతురివైపు చూశారు. కూతురు జడను ముందుకు వేసుకుని తలూపింది. ఆయన నవ్వారు గానీ వెంటనే తలగోక్కున్నారు.

"నాకు సంతోషమే తల్లీ. కానీ మొదటిరోజే మా పాప ఇంటికి కళ కాదన్నారంట కదా."

అత్తగారు దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటే తీసింది. కిటికీవైపు తిరిగి ఏదో గొణిగింది.

"ఏమన్నారత్తా? వానలో వినపడలా," అన్నాను.

నన్ను చూసిన చూపుకు ఆ మూడు జపాను దయ్యాలూ లేచి దండం పెట్టాలి.

"తప్పు నాదే అన్నాను! ఆ మదనపల్లె బస్సు కూడా నేనే ఎక్కించినాను! చాలునా?"