ఇంటిపేరు పందెం

"మళ్ళీ డ్రాగనేనా?" అంది తియూర్.

"భయమైతే లేచిపో," అన్నాడు మంగారా, నల్ల బిషప్‌ను తన రాజు పక్కకు జరుపుతూ.

ఇండోనేసియాలోని మెదాన్‌లో ఆ కాఫీకొట్టు రేకుల మీద వాన దబదబా కొడుతోంది. చదరంగంలో డ్రాగన్ పేరుకే డిఫెన్సు. ఏమరుపాటుగా ఉంటే ఎదుటి రాజునే కరిచేస్తుంది. రెండు నెలలుగా తియూర్ దాని మీద ఒక్కసారీ గెలవలేదు.

ఇవాళ ఆమె గెలిస్తే అతను తన ఇంటిపేరు చెప్పాలి. అదీ పందెం.

వీళ్ళ బతక్ తెగలో ఇద్దరు ఎదురుపడితే ముందు అడిగేది ఇంటిపేరే. ఒకటే అయితే అన్నాచెల్లెళ్ళు, పెళ్ళి మాటే ఎత్తకూడదు. వీళ్ళిద్దరూ మొదటిరోజు ఆట గొడవలో పడి అడగడం మరిచిపోయారు. తరవాత భయపడి మానేశారు.

తియూర్ అక్కకు రెండేళ్ళ ప్రేమ తరవాత తెలిసింది, అతనిదీ తమ ఇంటిపేరేనని. అతన్ని బస్సెక్కించి వచ్చిన నాటి నుంచి ఆమె ఆ బస్టాండు వైపు వెళ్ళలేదు.

"తెలియకపోతే మాత్రం నష్టమేంటి?" అన్నాడు మంగారా మెల్లగా.

"ఇవాళైతే ఏడ్చి ఊరుకుంటాను. ఇంకో ఏడాదికైతే తట్టుకోలేను. ఆడు."

బిషప్‌లు పోయాయి. తియూర్ ఏనుగును బలిచ్చింది.

"పిచ్చా పిల్లా? ఏనుగునిచ్చేశావేంటే!" అన్నాడు కొట్టు ముసలాయన.

"మీ పాలు పొంగుతున్నాయి, చూసుకోండి మావయ్యా."

మంగారా ఏనుగును కొట్టాడు. రాజు ముందు తలుపు తెరుచుకుంది. మంత్రి లోపలికి దూరింది. కాపలా గుర్రం కూడా పోయింది. ఇంకొక్క ఎత్తు.

తియూర్ మంత్రి మీద వేలు పెట్టి ఆగిపోయింది. ఈ ఎత్తు వేస్తే రేపు ఈ బల్ల దగ్గర అతను ఉంటాడో ఉండడో.

"డ్రా అందామా?" అన్నాడు మంగారా.

"ముట్టుకున్న పావు ఆడాల్సిందే." జరిపింది. "మేట్. చెప్పు."

"సిలాలహి."

తియూర్ కళ్ళు మూసుకుని ఊపిరి వదిలింది. "నేను నబాబన్."

మంగారా తల పట్టుకున్నాడు.

"ఏమైంది?"

"మా అమ్మ నబాబన్ ఆడపడుచు."

"అయితే మేనరికంరా!" ముసలాయన గరిటెతో బల్ల మీద కొట్టాడు. "తల పట్టుకుంటావేంటి?"

"మేనమామ వరస పిల్లనే చేసుకోమని అమ్మ ఏడాదిగా పోరుతోంది మావయ్యా. ముగ్గురు నబాబన్ పిల్లల్ని చూపిస్తే కాదన్నాను. మొన్న మూడో పిల్లప్పుడు అమ్మ అలిగి అన్నం మానేసింది."

"ఎందుకు కాదన్నావు?" అంది తియూర్.

"ఎందుకేంటి? ఇక్కడ నువ్వున్నావుగా!"

తియూర్ అరచేత్తో కళ్ళు తుడుచుకుని లేచింది. "పద. అత్తయ్య ఇవాళైనా అన్నం తింటుంది."