మూడో భాషలో హెచ్చరిక

పట్టపగలు, బ్రస్సెల్స్ స్టేషన్‌లో, ఎస్కలేటర్ మీద ఏజెంట్ కౌశల్ కుప్పకూలాడు. మెడ వెనక సూది గుచ్చినంత గాటు. పక్కనే ఉన్న బెల్జియం అమ్మాయి గ్రేటా పరుగెత్తింది. సాయం కోసం పరుగెత్తిందా, పారిపోయిందా? కెమెరాలు తేల్చలేకపోయాయి.

చచ్చినవాడు చచ్చినట్టు ఊరుకోవాలా వద్దా? కౌశల్ ఊరుకోలేదు. పార్ట్‌నర్ జశ్వంత్ సిడ్నీకి తిరిగొస్తే వెంటే వచ్చేశాడు. హారిస్ పార్క్‌లో షాపుల అద్దాల్లో కనిపిస్తాడు. ట్రైన్ తలుపులు మూసుకునే క్షణంలో చెవిలో అడుగుతాడు: "ఒరేయ్, పప్పులో ఉప్పేశావా?" ఏజెంట్ జశ్వంత్‌కు తుపాకీ అంటే లెక్కలేదు. ఈ గొంతంటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

స్వీట్ షాపు వెనక గదిలో బ్రీఫింగ్. చీఫ్ లీలా ఫిజీ తెలుగావిడ. ముత్తాత చెరకు తోటలకు మోసుకెళ్లిన తెలుగు ఇంట్లో ఆమెతోనే ఆగిపోయింది. పిల్లలకు రాదు.

"కూర్చో బాబూ. ఈ arvo, మధ్యాహ్నమే, పారమట్టాలో బెల్జియం డెలిగేషన్ మన ఆస్ట్రేలియా లిథియంకి సైన్ చేస్తుంది."

"బెల్జియం అంటే ఎవలు మేడమ్? ఆ దేశంల ఎవని వ్యాపారం వానిదే కదా."

"కరెక్ట్. ఉత్తరాన ఫ్లాండర్స్. డచ్ భాష, పెద్ద పోర్టు. దక్షిణాన వలోనియా. ఫ్రెంచ్ భాష, మూతపడ్డ బొగ్గు గనులు, కొత్త బ్యాటరీ ఫ్యాక్టరీ. పోర్టు లేకపోతే సరుకు దిగదు, ఫ్యాక్టరీ లేకపోతే సరుకెందుకు? ఇద్దరూ సైన్ చేస్తేనే డీల్."

"చెడగొట్టేటోడు?"

"ఒక ఫారిన్ రింగ్. మన ఫైల్లో పేరు పిల్లి. వలోనియా రెప్ క్లెయిర్‌ని చంపి, నేరం ఫ్లాండర్స్ రెప్ యాన్ మీదికి తోస్తారు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు, లిథియం వాళ్ల నోట్లో పడుతుంది."

"లోపల మనోళ్లు?"

"గ్రేటా."

జశ్వంత్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "కౌశల్‌ను చంపింది గామెనే!"

"ఏమో. డబుల్ ఏజెంట్. మనకోసం పిల్లి దగ్గర చేరిందో, పిల్లి కోసం మన దగ్గర చేరిందో నాకూ తెలీదు. మన మనిషైతే కౌశల్ పెట్టిన కోడ్ చెప్పాలి. పిట్ట కొంచెం, కూత ఘనం. అది వినపడకపోతే ఆమెని అక్కడే ఆపెయ్."

ఆపెయ్ అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. ట్రే అడుగున సన్నటి పిస్టల్ అమర్చి ఇచ్చిందావిడ. బో టైలో మైక్, చెవిలో రిసీవర్, మూతి మీద అంటించిన మీసం. ఏజెంట్ కాస్తా వెయిటర్ అయ్యాడు.

నది ఒడ్డున ఫంక్షన్ హాలు. బెల్జియం వాళ్లకు ఏ బీరుకు ఆ గ్లాసే. యాన్‌కు వాళ్ల ఊరి బీరు పొడుగు గ్లాసులో, క్లెయిర్‌కు వాళ్ల ఊరి బీరు వెడల్పు గ్లాసులో. చచ్చినా ఒకరిది ఒకరు ముట్టరు. ప్రోటోకాల్ ఆఫీసర్ ఫిలిప్ స్వయంగా పోయించిన ఆ గ్లాసుల్ని జశ్వంత్ తన చేతులతోనే అందించాడు. టోస్ట్ అయ్యేదాకా తాగకూడదట.

డెలిగేషన్ తరఫున స్వాగతం చెప్పడానికి గ్రేటా మైక్ ముందుకొచ్చింది. ఆకుపచ్చ సిల్కు గౌను, చూపు తిప్పుకోనివ్వని మొహం. ఆ దేశపు తూర్పు అంచున జర్మన్ మాట్లాడే చిన్న ముక్క ఒకటుంది. ఆమెది అక్కడే. ఆమె వెనక ఫిలిప్, ఒక చెయ్యి కోటు జేబులో.

స్వాగతం మూడు భాషల్లోనూ చెప్పడం మర్యాద. డచ్‌లో చెప్పినంతసేపూ యాన్ నిటారుగా నిలబడ్డాడు. ఫ్రెంచ్ మొదలవగానే ఆయన ఫోన్ తీశాడు, క్లెయిర్ నిటారుగా నిలబడింది. జర్మన్ వచ్చేసరికి అందరూ కబుర్లలో పడ్డారు. ఫిలిప్ ఆవులించాడు. అతని ఊరికి గ్రేటా ఊరు కూతవేటు దూరం. అయినా ఒక్క ముక్క నేర్చుకున్న పాపాన పోలేదు.

కోడ్ ఇంకా రాలేదు. జశ్వంత్ వేలు పిస్టల్ మీదికి పోయింది.

"ఆగరా!"

కౌశల్ గొంతు. ఒకప్పుడు కాన్‌బెర్రాలో, ఇద్దరూ కలిసున్న ఫ్లాట్‌లో పప్పు తిప్పుతూ జశ్వంత్‌కు జర్మన్ నేర్పిన గొంతు అదే. ఎందుకురా ఈ భాష అని విసుక్కుంటే, ఎవరూ వినని భాషలోనే నిజం చెబుతార్రా, నేర్చుకో అనేవాడు.

గ్రేటా నవ్వు చెదరకుండా జర్మన్‌లో చెప్పుకుపోతోంది. ఒక్కో మాటా కౌశల్ తెలుగులో చెవిన వేస్తున్నాడు.

"వెడల్పు గ్లాసులో విషం ఉందంటోంది. కలిపింది వెనకున్నోడేనంట. ఆడి జేబులో తుపాకీ తన నడుముకి ఆనుందంట. స్టేషన్లో సూదేసింది కూడా ఆడేనంటరా. తను పరిగెత్తింది డాక్టర్ కోసమంట."

నమ్మాలా? కౌశల్ నమ్మాడు, చచ్చాడు. జశ్వంత్ వేలు పిస్టల్ మీదే ఉంచాడు.

అప్పుడు గ్రేటా, అదే నవ్వుతో, అదే స్వరంతో, జర్మన్ వాక్యం చివర తెలుగు అతికించింది. "పిట్ట కొంచెం, కూత ఘనం." ఘనాన్ని సాగదీసింది, అచ్చం కౌశల్ సాగదీసినట్టే. చచ్చినవాడు ఆ ఎర్రటి పెదాలతో పలికినట్టుంది. జశ్వంత్ పిస్టల్ మీంచి వేలు తీశాడు.

ఫిలిప్‌కు అదీ జర్మనే అనిపించింది పాపం. ఖాళీ చెయ్యి పైకెత్తి, "సాంతే!" అని ఫ్రెంచ్‌లో టోస్ట్ చెప్పాడు.

క్లెయిర్ గ్లాసు పెదవికి ఆనింది.

క్లెయిర్ దగ్గరికి పోతే గ్రేటా పోతుంది. గ్రేటా దగ్గరికి పోతే క్లెయిర్ పోతుంది. జశ్వంత్ ట్రేను బిళ్లలా విసిరాడు. అది ఫిలిప్ మోచేతికి తగిలింది, తుపాకీ సీలింగ్ వైపు పేలింది. అదే ఊపులో అతను క్లెయిర్ మీద పడ్డాడు. వెడల్పు గ్లాసు ముక్కలైంది, ఆ తోపులాటలో యాన్ పొడుగు గ్లాసు ఆయన సూటు మీదే ఒలికింది.

ఫిలిప్‌ను పోలీసులు తీసుకుపోయాక, గ్రేటా కిటికీ దగ్గరికొచ్చింది.

"చివర్లో కౌశల్ ఏమన్నడు?" జశ్వంత్ జర్మన్‌లో అడిగాడు.

"నీ పేరే చెప్పాడు. 'వాడొక్కడే తినడు, ఎవరైనా తోడుండాలి' అన్నాడు."

జశ్వంత్ అక్కడే, మీసం సగం ఊడిన మొహంతో, వెక్కి వెక్కి ఏడ్చాడు. గ్రేటా అతని భుజం వదల్లేదు. కాసేపయ్యాక అద్దంలోకి చూశాడు. తామిద్దరే ఉన్నారు. చెవి రిక్కించి చాలాసేపు విన్నాడు. ఉప్పు సంగతి ఎవరూ అడగలేదు.

రిసీవర్ గరగరలాడింది. లీలా.

"వెల్ డన్ బాబూ. కానీ నీ మీద రెండు కంప్లైంట్లు. ఒకటి డచ్‌లో, ఒకటి ఫ్రెంచ్‌లో. బుల్లెట్ సంగతి సరే, బట్టల మీద బీరు పోసిన ఆ వెయిటర్‌ని వెంటనే తీసెయ్యాలట."

"మీరేమన్నరు మేడమ్?"

"తీసేశానన్నాను. వాళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రావడం ఇదే మొదటిసారి, ఎందుకు చెడగొట్టాలి?"