ఎడమవైపు సముద్రం

"మీరు ఎడమవైపు కిటికీ ఇచ్చారు. మా అమ్మకి సముద్రం కనబడలేదండి."

దిల్‌సుఖ్‌నగర్ ట్రావెల్స్ షాపులో కూర్చున్న యాదలక్ష్మి తల కూడా ఎత్తలేదు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, రైళ్లు ఆగిపోయాయి. విమానమెక్కక తప్పనివాళ్లంతా పొద్దున్నుంచి ఆమె ప్రాణం తోడేస్తున్నారు.

"మరేం కనవడ్డదట?"

"కొండలు, ఫ్యాక్టరీ గొట్టాలు. విశాఖలో దిగేటప్పుడు పైనుంచి సముద్రం చూడొచ్చనే ఆవిడ ధైర్యం చేసి ఎక్కింది."

"అయితే సముద్రాన్ని నేను ఇటు జరపాల్నా?"

ఆ అబ్బాయి సాంబమూర్తి. పుట్టి పెరిగింది ఎల్బీనగర్‌లోనే అయినా ఇంట్లోవాళ్ల విశాఖ మాటే మాట్లాడతాడు. పెళ్లికి వెళ్లిన తల్లిని తీసుకురావడానికి తనకూ టికెట్ కావాలన్నాడు.

"ఈసారైనా సరైన వైపు ఇవ్వండి."

యాదలక్ష్మికి ఒళ్లు మండింది. కావాలనే మళ్లీ ఎడమవైపే ఇచ్చింది.

వారం తిరక్కుండానే ప్రత్యక్షమయ్యాడు. ఆమె నిట్టూర్చి, "చెప్పు, ఇప్పుడేం కనవడలే?" అంది.

"సారీ చెబుదామని వచ్చానండి. గాలి మారిందట, విమానం సముద్రం మీద చుట్టు తిరిగి దిగింది. నీళ్ల మీద మా విమానం నీడ పరిగెత్తింది. హార్బరు బయట వంతు కోసం నిలబడ్డ ఓడలు, నీళ్లలోకి ముక్కులా పొడుచుకొచ్చిన కొండ, దాని మీద లైట్‌హౌస్. అంతా ఎడమవైపే. చూడమని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు."

మోగుతున్న ఫోను ఎత్తడం మరిచిపోయింది యాదలక్ష్మి.

"నేనెన్నడు విమానమెక్కలే. సముద్రం సుత చూడలే," అంది చివరికి. "మీ అమ్మకు ఎడమ సీటు ఊకెనే ఇచ్చిన."

అతను నవ్వాడు. ఆ నవ్వూ ఆమెకు చిరాకే. అతను వెళ్లాక షాపు బోసిగా అనిపించింది, అది మరీ చిరాకు.

ఆ తర్వాత ఎక్కడికీ పోనివాడు రోజూ వచ్చి రేట్లు అడగసాగాడు.

"టికెట్ కొనకుండ ఇన్నిసార్లు ఒచ్చెటోన్ని నిన్నే చూస్తున్న."

"మిమ్మల్ని చూడ్డానికి కూడా టికెట్ పెట్టారా?"

ఆమె కీబోర్డు మీద ఎవరి పేరో తప్పు కొట్టింది.

అప్పుడే వచ్చాడు ఆమె తండ్రి జంగయ్య. బస్సు కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. కూతుర్ని రోజూ స్కూటర్ మీద ఇంటికి తీసుకెళ్తున్నాడు. అబ్బాయిని ఎగాదిగా చూశాడు.

"ఏ ఊరు బాబు?"

"ఎల్బీనగరండి. మావాళ్లది విశాఖపట్నం."

జంగయ్య మొహం ముడుచుకుంది. "రేపు మా తెలంగాణ ఒస్తది. అప్పుడెటు పోతవ్?"

"ఎల్బీనగర్‌కేనండి. ఇల్లు అక్కడే కదా. మీరు సరేనంటే అమ్మని తీసుకుని మీ ఇంటికొస్తాను, మీ అమ్మాయి కోసం."

"నన్నడగకుండ మా నాయినకు చెప్తవేంది?" యాదలక్ష్మి లేచి నిలబడింది.

"అడుగుదామంటే మీకు ఫోన్లే సరిపోతున్నాయి."

ఆమె రిసీవరు తీసి పక్కన పెట్టేసింది. "అడుగు మరి."

అడిగాడు. ఆమె ఊ అంది. జంగయ్య మాత్రం విసురుగా స్కూటర్ దగ్గరికి నడిచాడు.

సమ్మె ముగిసి బస్సులు తిరిగినా ఆయన మొహం విప్పలేదు. ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. చివరికి సాంబమూర్తి తల్లి అరుణమ్మే వాళ్ల గడప తొక్కింది.

"అన్నయ్యగారూ, రాష్ట్రం మీరు తెచ్చుకోండి. పిల్లని మాకివ్వండి."

జంగయ్య నవ్వాపుకోలేకపోయాడు. "గట్లనే చెల్లె. పెండ్లి మాత్రం మా కర్మన్‌ఘాట్ గుడిలనే కావాలె."

పెళ్లయ్యాక ఇద్దరూ విశాఖకు విమానమెక్కారు. దిగుతుండగా సాంబమూర్తి ఆమె భుజం మీదుగా వంగి మొదలుపెట్టాడు. "అదిగో కొండ, ఇప్పుడు తిరుగుతుంది చూడు, ఓడలొస్తాయి, అటు కాదు, కిందికి..."

"జర ఊకుంటవా? నన్ను చూడనియ్యి."

అతను వెనక్కి జరిగాడు. రెక్క వంగింది. కొండలు పక్కకు తప్పుకున్నాయి. చూపు ఆనినంత దూరం నీళ్లే, ఎండకు కళ్లు చెదిరే నీళ్లు. యాదలక్ష్మి అటు నుంచి తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాచి, అతని కాలరు పట్టుకుని కిటికీ దగ్గరికి లాక్కుంది.